నైరుతి మూలన గుంత

విమల కుర్చీలోంచి లేవలేదు.

పొద్దున ఏడు గంటలకు వచ్చి కూర్చున్న మనిషి తొమ్మిదైనా అలాగే ఉంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్లో చేతిసంచి, కాళ్లకు కూతురి రబ్బరు బూట్లు. నాంపల్లి గల్లీలో పాత ఇల్లు పడగొట్టి చదును చేసిన సొంత జాగాలో, సరిగ్గా నైరుతి మూలన, సున్నంతో గీసిన గీతల నడుమ ఆ కుర్చీ వేసుకుంది. ఆ గీతల మేరకే ఈరోజు గుంత తవ్వాలి. తవ్వాల్సిన బీరయ్య గడ్డపార నేలకు ఆనించి రెండు గంటలుగా ఆమె వైపే చూస్తున్నాడు.

"నేను లెవ్వ" అంది విమల, ఎవరూ అడక్కుండానే. "గీడ గుంత తవ్వాలంటే నన్ను కుర్చీతోని సహా లేపి పక్కకు పెట్టి తవ్వుకోండ్రి."

బీరయ్య ఆమె కూతురు ఉజ్వల వైపు చూశాడు. ఉజ్వల చేతిగడియారం వైపు చూసింది.

నాలుగు గంటలకు బల్దియా ఆఫీసు నుంచి మున్సిపల్ ఇంజనీరు తనిఖీకి వస్తాడు. అప్పటికి గుంత లేకపోతే మంగళవారం గేటుకు అంటించిన నోటీసు అలాగే ఉంటుంది, ఇంటి పని ఆగిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఈ సైటుకు బాధ్యురాలిగా అనుమతి కాగితాల మీద సంతకం పెట్టిన ఇంజనీరు ఉజ్వలే. ఇరవై ఆరేళ్ల పిల్ల. మార్చిలో లైసెన్సు చేతికొస్తే మొట్టమొదటి సంతకం సొంత ఇంటికే పెట్టింది. గడువు దాటితే ఆ పేరు జాబితాలోంచి ఏడాదిపాటు కొట్టేస్తారు. బషీర్‌బాగ్‌లో ఆమె పనిచేసే ఆఫీసులో లైసెన్సు లేని ఇంజనీరుకు టీ చెప్పిరమ్మనే పని కూడా ఇవ్వరు.

నిజానికి తప్పు ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. పునాదుల మట్టిని ఎక్కడ పోయాలన్న మాట వచ్చినప్పుడు విమలా, ఆమె భర్త విద్యాసాగర్ ఏకమాటగా నైరుతి మూలనే పోయించారు. నైరుతి బరువుగా ఉండాలి కదా. వాస్తుకు అది సరైన చోటే. కాకపోతే ఈ జాగాలో నేల ముందున్న గల్లీ నుంచి వెనక్కి, సరిగ్గా అదే మూలకు వాలి ఉంటుంది.

మట్టికుప్ప గోడలకూ కాలువలకూ దూరంగా ఉండాలనీ, దాని మీద కప్పు ఉండాలనీ, సైటులో పడ్డ వాననీళ్లు ఆగి, మట్టి అడుక్కి దిగి, తేటనీళ్లు మాత్రమే బయటికి పోయేలా పల్లంలో గుంత ఉండాలనీ అనుమతి కాగితం రెండో పేజీలో ఉంది. మొదటి పేజీకి పసుపు రాసి దేవుడి పటాల ముందు పెట్టుకున్నారు. రెండో పేజీ ఉజ్వల తప్ప ఎవరూ చదవలేదు. ఆమె రెండుసార్లు చెప్పింది. అమావాస్య పోనిమ్మన్నారు. ఆదివారం కురిసిన వానకు అమావాస్య సంగతి తెలియదు.

ముప్పావు గంటలో సగం కుప్ప గోడ కింది సందుల్లోంచి వెనకింటి సుబ్బరత్నం పెరట్లోకి దిగింది. అక్కడి నుంచి వసారా ఎక్కి, వాషింగ్ మెషిన్ కాళ్లు ముంచి, వెనక గల్లీ కాలువను మూసేసింది.

సుబ్బరత్నం గన్‌ఫౌండ్రీ దగ్గరి బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. నాలుగు ఫోటోలతో బల్దియాకు ఫిర్యాదు పెట్టింది. పెట్టి ఊరుకోక, గల్లీలన్నీ చుట్టి స్వయంగా విమల దగ్గరికి వచ్చి, ఫిర్యాదు పెట్టానని చెప్పి, దాని నంబరు చీటీ మీద రాసిచ్చి మరీ వెళ్లింది. ఇరవై రెండేళ్లుగా గోడ మీదుగా కూరగిన్నెలు మార్చుకున్న ఇద్దరి మధ్య ఆ సోమవారం నుంచి మాటల్లేవు.

ఉజ్వల కుర్చీ ముందు గొంతుకూర్చుంది. మిగతావన్నీ అయిపోయాయని తల్లికి మళ్లీ ఒకసారి వివరించింది. మట్టికుప్పను రెండు రోజులు కష్టపడి ఆగ్నేయానికి మార్చారు; ఆ దిక్కుకు విమల గంటన్నర బేరమాడి ఒప్పుకుంది. గేటు దగ్గర లారీ టైర్ల బురద రాలిపోయేలా కంకర పరిచారు. గోడ పొడవునా ఇసుక బస్తాలు పేర్చారు. ఇక మిగిలింది ఈ ఒక్క గుంతే.

విమల అంతా ఓపిగ్గా విని, అదే గుంత ఈశాన్యంలో తవ్వితే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా అంది.

"ఈశాన్యం ఎత్తు మీదుందమ్మా. నీళ్లు ఎత్తు మీదికి ఎట్ల ఎక్కుతయి?"

"నువ్వు ఇంజనీరువి. ఎక్కించు."

ఉజ్వల లేచి వెళ్లి ఇటుకల దగ్గర నిలబడింది. బీరయ్య గడ్డపారను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

ఆ సమయానికి విద్యాసాగర్ ఆటో దిగాడు. చేతిలో ఇడ్లీ పొట్లాలు, భుజం మీద మూడు నీలం టార్పాలిన్లు. ఆబిడ్స్‌లో ఆయనది గొడుగులు, రెయిన్‌కోట్లు, టార్పాలిన్లు అమ్మే దుకాణం. ఊరందరికీ వానకు అడ్డం పెట్టే సరుకు అమ్మే మనిషి, సొంత మట్టికుప్ప మీద ఇన్నాళ్లూ గోనెపట్టా కూడా కప్పలేదు. సీజను సరుకును సీజనులో ఇంటికి వాడుకోవడం ఆయన తండ్రి కాలం నుంచీ ఆ దుకాణంలో లేదు. నోటీసులో 'కప్పు లేని మట్టి' అన్న మాట చదివి గల్లాపెట్టె ముందు సిగ్గుపడి, ఈరోజు ఆ కట్టుబాటును తానే తెంచాడు.

టార్పాలిన్లు బీరయ్య భార్య పోశవ్వకు ఇచ్చాడు. ఆమె వాటిని చంకన పెట్టుకుని, మట్టికుప్ప ఎక్కి కప్పడం మొదలుపెట్టింది. విద్యాసాగర్ ఇడ్లీ పొట్లం విప్పి భార్య చేతిలో పెట్టాడు. సత్యాగ్రహం చేసేవాళ్లు తినొచ్చా అని అడిగాడు. విమల తినొచ్చంది. ఆయన పక్కనే బస్తా మీద కూర్చుని, గుంత ఎలాగూ నాలుగడుగులే కదా, తాను పడినా తల పైకే ఉంటుంది కదా అని హాస్యమాడాడు.

విమల చేతిలోని ఇడ్లీ ముక్క పొట్లంలో పడింది.

"నాలుగేండ్ల కింద మీరు ఛాతీ పట్టుకొని దవాఖానల పడ్డప్పుడు గీ మూలకే గుంత ఉండె" అంది. గొంతు పెంచలేదు. "పాత సంపు. ఇంటి యజమానికి మంచిది కాదని సిద్ధాంతి చెప్పిండు. గురువారం నేనే నిలబడి పూడిపించిన. శుక్రవారం మీరు కండ్లు తెరిచిన్రు. మళ్ల గదే మూలకు నా బిడ్డ గుంత తవ్విస్తనంటే నేనెట్ల లెవ్వాలె?"

విద్యాసాగర్ ఇసుక బస్తా మూతి తాడును ముడి విప్పి, మళ్లీ ముడి వేశాడు.

ఉజ్వలకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. ఆ వారం ఆమెకు చివరి సంవత్సరం పరీక్షలు. తండ్రికి స్టెంటు వేశారనీ, బాగున్నాడనీ ఫోనులో చెప్పారు. తల్లి ఒక్కతే కూలీలను పిలిచి గుంత పూడిపించిన మాట ఎవరూ చెప్పలేదు. పొద్దుటి నుంచీ తల్లి మొండితనం మీద ఉన్న కోపమంతా కరిగిపోయింది. ఆమె మొండికెత్తలేదు, భయపడుతోంది. ఆ భయాన్ని రెండో పేజీలోని ఏ షరతుతోనూ తీర్చలేమని ఉజ్వలకు అర్థమైంది.

"సరే అమ్మా. తవ్వం" అంది.

"మరి నీ లైసెన్సు?"

"పోతె పోతది. ఏడాదే కదా."

గెలిచిన మనిషికి ఉండాల్సిన సంతోషం విమల మొహంలో లేదు. ఏడాది అన్న మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. ఈ పిల్ల లైసెన్సు పరీక్షకు చదువుతున్నప్పుడు రాత్రి పన్నెండింటికి లేచి బోర్నవిటా కలిపిచ్చిన చెయ్యి ఆమెదే. కుర్చీలోంచి లేవాలనీ ఉంది, లేవకూడదనీ ఉంది. ఇడ్లీ చల్లారిపోయింది.

అప్పుడు కుప్ప మీది నుంచి పోశవ్వ మాట వినిపించింది. ఆమెకు కింద జరిగిన గొడవ సగమే వినబడింది; ఎత్తు మీద నిలబడింది కాబట్టి గోడ అవతల మాత్రం బాగా కనబడుతోంది.

"గా టీచరమ్మ నీళ్ల డ్రమ్ములు, బిందెలు, బోరు గొట్టం అన్నీ గీ గోడ పొంటే పెట్టుకున్నది. గంత పెద్ద పెరడుండంగ అన్నీ తెచ్చి గీ మూలకే ఎందుకు గుమిగూర్చిందో ఏమో."

"అది వాళ్లకు ఈశాన్యం" అంది విమల అలవాటుగా. "నీళ్లు ఈశాన్యంల ఉండాలె."

నలుగురూ గోడ వైపు చూశారు. ఐదడుగుల పాత ఇటుక గోడ. వెనక జాగా ఒక పక్కకు జరిగి ఉండటంతో రెండిళ్ల మూలలు అక్కడే కలుస్తాయి. ఇవతల విమల కూర్చున్న నైరుతి, అవతల సుబ్బరత్నం బిందెలు పెట్టుకున్న ఈశాన్యం. నడుమ తొమ్మిదంగుళాల మందం.

బీరయ్య గోడ దగ్గరికి వెళ్లి అడుగున రెండు ఇటుకలు బొటనవేలితో తట్టి చూశాడు. నారాయణఖేడ్ దిక్కున వాళ్ల ఊరి పొలాల్లో మట్టి కొట్టుకుపోకుండా ఇలాంటి గుంతలు నలభై దాకా తవ్విన మనిషి. ఈ రెండు ఇటుకలు తీస్తే నీళ్లు అటు పోతాయని, గుంత గోడకు ఏ పక్కన ఉన్నా పని ఒకటేనని చెప్పాడు.

"నీళ్లకు నైరుతేంది, ఈశాన్యమేంది. పల్లం దొరికితే చాలు" అన్నాడు.

ఇక మిగిలింది సుబ్బరత్నాన్ని అడగడం. తాను వెళ్తానని విద్యాసాగర్ ముందుకొచ్చాడు. తల్లీకూతుళ్లిద్దరూ ఒక్కసారే వద్దన్నారు. ఆయన ఎవరింటికి ఏ పని మీద వెళ్లినా ఒక గొడుగు బహుమతిగా ఇచ్చి, అసలు పని మరిచిపోయి వస్తాడు. ఉజ్వల వెళ్లబోయింది. విమల చేత్తో ఆపింది.

"అలిగింది నేను. నేనే పోవాలె" అంటూ కుర్చీలోంచి లేచింది.

గోడ దూకితే రెండడుగుల దూరం. రోడ్డు మీదుగా వెళ్తే పది నిమిషాలు. విమల గల్లీ చివరిదాకా నడిచి, ఇరానీ హోటల్ ముందు ఆగిన స్టేషను ఆటోల నడుమ దారి చేసుకుని, వెనక గల్లీలోకి తిరిగింది. ఏం మాట్లాడాలో దారి పొడవునా కూడబలుక్కుంది. సుబ్బరత్నం గేటు దగ్గరికి వచ్చేసరికి అందులో ఒక్క ముక్క గుర్తులేదు.

సుబ్బరత్నం చీర కుచ్చిళ్లు ఎగదోపి వసారా కడుగుతోంది. తలెత్తి చూసి, చీపురు ఆపలేదు.

"బూట్లు గాడ విడిచి రా. మూడోసారి కడుగుతున్న."

విమల బూట్లు విడిచి, గుమ్మం దగ్గర నిలబడింది. మాటలు వెతుక్కుంటూనే గుంత సంగతి, ఈశాన్యం సంగతి, నాలుగు గంటల సంగతి చెప్పింది. చెప్పేది అయ్యేదాకా సుబ్బరత్నం అడ్డురాలేదు. పొడవెంత అని అడిగింది. ఎనిమిదడుగులని, వెడల్పు మూడని, లోతు నాలుగని విమల చెప్పింది.

"తొంభై ఆరు ఘనపుటడుగులు" అంది సుబ్బరత్నం చీపురు పక్కన పెడుతూ. "చాలదేమో. సర్లే, మీ బిడ్డ లెక్క కట్టే ఉంటది."

ఆమె ఈశాన్యంలో నీళ్ల గుంత పెట్టించాలని తానూ పదేళ్లుగా అనుకుంటోందని, కూలీలు దొరక్క ఊరుకుందని చెప్పింది. ఇల్లు కట్టడం అయ్యాక పూడ్చకుండా, ఇసుకా కంకరా నింపి ఇంకుడు గుంతగా తనకే వదిలేయాలంది. అది అడగాల్సిన మాటే కాదని విమల అంది. సుబ్బరత్నం కుళాయి కట్టేసింది.

"ఫిర్యాదు మాత్రం వాపస్ తీసుకోను విమలా. మట్టి వచ్చింది నిజం."

"తీసుకోకు అక్కా. నాకు జర ముందుగాల చెప్తే అయిపోతుండె."

"ముందుగాల చెప్తే నువ్వు ఏడ్చెదానివి. నువ్వేడిస్తే నేను పెట్టకపోదును. మీ బిడ్డ సైటు ఇంకో వానకు పునాదులతోని సహా నా వంటింట్ల ఉంటుండె."

విమలకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. నాలుగు రోజులు ఈ మనిషితో మాట్లాడకుండా ఎలా ఉన్నానా అనిపించింది. సుబ్బరత్నం ఆమె చేతికి ఇంకో చీపురు అందించింది.

పదకొండింటికి బీరయ్య, ఇద్దరు కూలీలు, పోశవ్వ వెనక పెరట్లోకి దిగారు. గోడకు జానెడు ఎడం వదిలి తవ్వడం మొదలుపెట్టారు. సుబ్బరత్నం లోతు కొలవడానికి బడిలో వాడిన చెక్క స్కేలు తెచ్చుకుని గట్టున నిలబడింది. అర అంగుళం తక్కువైనా ఒప్పుకోలేదు. టీచరమ్మ తమ ఊరి ఉపాధి పనుల మీద కొలతలు తీసుకునే ఆయన కన్నా గట్టిదని బీరయ్య మెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి విద్యాసాగర్ దుకాణం పనివాడికి అప్పగించి, ఆబిడ్స్ నుంచి మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చాడు. విమల గోడ ఇటు నుంచి అటు టీ గ్లాసులు అందించింది. పెళ్లివారి పెరడులా తయారైంది ఆ మూల.

మూడింటికి గుంత పూర్తయింది. అడుగున రాళ్లు పరిచారు, బయటికి పోయే వైపు కంకర కట్ట వేశారు. మూడుంపావుకు ఎవరో పిలిచినట్టు వాన వచ్చింది.

అందరూ సుబ్బరత్నం వసారాలో నిలబడి చూశారు. సైటులోని ఎర్రనీళ్లు ఇసుక బస్తాల వెంట జారి, గోడ కింద తీసిన సందులోంచి గుంతలోకి దూకాయి. గుంత నిండుతూ నిండుతూ సగానికి వచ్చింది, ముప్పావుకు వచ్చింది. విమల పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుతోందో తెలియదు. గుంత నిండి, కంకర కట్ట మీదుగా సన్నని ధార కాలువ వైపు పోయింది. ఉజ్వల వానలోకి పరుగెత్తి, ఆ ధార కింద గాజు గ్లాసు పట్టి, పైకెత్తి చూపించింది. పలుచటి టీ రంగు. అడుగున మట్టి లేదు.

విద్యాసాగర్ చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఉజ్వలకు ఇంజనీరింగు పట్టా తీసుకున్న రోజున కూడా ఇంత ఆనందం కలగలేదు.

నాలుగుంపావుకు బల్దియా ఇంజనీరు విజయేందర్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, తొందర లేనివాడు. వాన వెలిసిన నేల మీద తనిఖీ చేయడమే సరైనదని చెప్పి, ప్యాంటు అంచులు మడుచుకున్నాడు. గేటు దగ్గరి కంకర చూశాడు. టార్పాలిన్ అంచుల మీద రాళ్లు ఉన్నాయో లేవో వంగి చూశాడు. టార్పాలిన్ ఎక్కడ కొన్నారని అడిగితే విద్యాసాగర్ దుకాణం కార్డు ఇచ్చాడు. గోడ మీదుగా గుంతను చాలాసేపు చూశాడు. కాలువలోకి పోతున్న నీళ్లు చూసి తలూపాడు.

పని బాగుందన్నాడు. అయితే ఒక్క మాట అన్నాడు. గుంత అనుమతి ఉన్న స్థలానికి బయట ఉన్నట్టుంది కాబట్టి, ఆ ఇంటివాళ్ల అంగీకార పత్రం కావాలి. సుబ్బరత్నం అయిదు నిమిషాల్లో గుండ్రటి అక్షరాలతో తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి, గోడ మీదుగా అందించింది. నోటీసు ఎత్తేస్తున్నట్టు రాయడమే మిగిలిందని, దానికి ముందు గుంత ఎక్కడుందో ఒక కొలత తీసుకుంటే చాలని విజయేందర్ చెప్పాడు.

బీరయ్య టేపు మొదలును ముందు గల్లీ హద్దురాయికి ఆనించి పట్టుకున్నాడు. ఉజ్వల టేపును గోడ కింది సందులోంచి అవతలికి జారవిడిచింది. అవతలి కొసను సుబ్బరత్నమే అందుకుంది. పక్కనే విమల బజ్జీల పళ్లెం పట్టుకుని నిలబడింది.

"గోడ దగ్గర అరవై ఆరు" అని సుబ్బరత్నం తరగతిలో చదివినట్టు చదివింది.

విజయేందర్ ప్లాను మీద వేలు పెట్టాడు. మళ్లీ చూశాడు. ఇంటి స్థలం పొడవు అక్కడ డెబ్బై అడుగులని ఉంది.

"డెబ్బై యాడికొస్తదో జర చూడమ్మా" అన్నాడు.

సుబ్బరత్నం టేపు లాగుతూ గుంత పక్క నుంచి అవతలికి నడిచింది. గట్టు మీద వంగి, కళ్లద్దాలు సర్దుకుంది.

"గుంత దాటి మూడు వేళ్లు" అని హుషారుగా చెప్పి, నిటారుగా లేవబోయి, ఆగిపోయింది.

ఉజ్వల ప్లాను మీదికి వంగింది. డెబ్బై అన్నది తాను రిజిస్ట్రీ కాగితంలోంచి ఎత్తి రాసిన అంకె. ప్లాను గీసేనాటికి పాత వంటిల్లు వెనక గోడకు ఆనుకుని ఉండేది, టేపు పోయే దారి లేదు. ఇల్లు పడగొట్టాక కొలుద్దామనుకుంది. పడగొట్టాక ఆ చోట మట్టికుప్ప పోశారు. ఎప్పుడో రెండిళ్ల పెద్దవాళ్లు కలిసి కంటికొలతతో లేపిన గోడను అందరూ హద్దు అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది.

విజయేందర్‌కు మాత్రం ఇది మంచి వార్తే. గుంత మీ స్థలంలోనే ఉందని, అంగీకార పత్రంతో పనే లేదని చెప్పి, సుబ్బరత్నం రాసిన కాగితాన్ని తిరిగి ఇచ్చేశాడు. తనిఖీ పత్రంలో రాస్తూ పైకి చదివాడు.

"యజమాని స్థలంల, నైరుతి మూలన, షరతుల ప్రకారం గుంత ఉన్నది."

నైరుతి అన్న మాట గోడ దాటి విమల చెవిన పడింది. ఆమె గుంత వైపు చూసింది. ఆ తర్వాత, చుట్టూ తిరిగొచ్చి గుంత గట్టు మీద కూర్చుని బజ్జీ తింటున్న విద్యాసాగర్ వైపు చూసింది.

ఉజ్వల మెల్లగా, గోడనే హద్దుగా రాయొచ్చా అని విజయేందర్‌ను అడిగింది. రాయొచ్చన్నాడు. అప్పుడు ప్లాను కొలత తప్పని తేలుతుంది. అనుమతి మొత్తం మళ్లీ తీసుకోవాలి, అందాకా పని ఆగుతుంది, ప్లాను గీసిన ఇంజనీరు పేరు మీద వ్యాఖ్య పడుతుంది. గడువు ఈరోజుతోనే ముగుస్తుందని గుర్తుచేస్తూ, రాసింది రాసినట్టు సంతకం పెట్టమని పత్రాన్నీ పెన్నునూ ఆమె ముందు పెట్టాడు.

గోడ అవతల ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కనే నిలబడి ఉన్నారు. సుబ్బరత్నం చేతిలో టేపు కొస ఇంకా ఉంది. తన పెరట్లోంచి పోయే నాలుగడుగుల మేర, బిందెలున్న చోటు, బోరు గొట్టమున్న చోటు ఒకసారి కళ్లతో కొలుచుకుంది. లెక్క సరిపోయింది కాబోలు, టేపును వదిలిపెట్టింది. అటునుంచి బీరయ్య లాగుతుంటే అది తడి నేల మీద సరసరా పాకుతూ గోడ కింది నుంచి ఇవతలికి వచ్చేసింది.

"సంతకం పెట్టు బిడ్డా" అంది. "ఎవరిదైతే వాళ్లదే. లెక్క మార్చొద్దు."

"పెట్టకు" అంది విమల.